వీరరాఘవమ్మ మీద ఒట్టు

గుట్కా నిషేధం కదా అని వక్కపొడి ఒక పొట్లంలో, జర్దా ఇంకో పొట్లంలో విడివిడిగా కట్టి, రెండూ ఒకే మేకుకి పక్కపక్కన వేలాడదీసి, "మేం కలపలేదు, వాడే కలుపుకున్నాడు" అని చేతులు దులుపుకునే పెద్దమనుషులారా, ముందు మీరు లేచి నిలబడండి. ఆ మేకు కిందే నిలబడి టీ తాగుతూ మేకు కనపడనట్టు నటించే అధికారులారా, మీరూ నిలబడండి. కైకలూరులో ఒక వీధి వీధంతా పనులు మానేసి నోళ్ళు తెరుచుకుని నిలబడిందంటే అది మీ చలవే. పాపం, వెంకట్రాజు చేసిన తప్పల్లా మానేద్దామనుకోవడం.

మానేద్దామని పదకొండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాడు. ఎప్పుడనుకున్నా రేపటి నుంచే.

వెంకట్రాజు చేపల మేత అమ్మే కొట్టులో గుమాస్తా. నలభై ఆరేళ్ళు. మనిషి మంచివాడే, కుడి దవడ మాత్రం ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉంటుంది. ఓ శనివారం పన్ను నొప్పని ఏలూరు వెళ్తే, పళ్ళ డాక్టరు ఎలిజబెత్ పన్ను సంగతి పక్కన పెట్టి, "మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టండి" అంది. రెండే పట్టాయి. మూడోది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఇలాగే నములుతూ ఉంటే కొన్నాళ్ళకి ఒక వేలే పడుతుందండి. ఆ తర్వాత అన్నం కూడా గొట్టంతోనే," అంది డాక్టరు. "ఆపేసి, నేను చెప్పిన వ్యాయామం చేస్తే కాస్త తెరుచుకుంటుంది. రెండు వారాలాగి సోమవారం రండి. తిన్నారో లేదో మీరు నాకు చెప్పక్కర్లేదు. నోరే చెబుతుంది."

ఏలూరు వెళ్ళొచ్చిన రెండో రోజు, సోమవారం పొద్దున్న వెంకట్రాజు వేసుకున్న పథకం చాలా మామూలుది. ఇవాళ ఆఖరి పొట్లం వేసుకుని, మంగళవారం నుంచి మానెయ్యడం. భార్య కుసుమ ఒప్పుకోలేదు.

"ఏవండీ, మీ రేపులు చాలా చూశాను నేను. ఒట్టెయ్యండి. నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పండి."

వేసిన ఒట్టు తప్పితే ఆ నెత్తి ఎవరిదో వాళ్ళ ప్రాణం మీదకి వస్తుందని నమ్మకం. వెంకట్రాజు ఆలోచనలో పడ్డాడు. కుసుమ మీద వేస్తే, ఏ సాయంత్రమో నిగ్రహం తప్పితే? కూతురు ఇందు మీదా? ఆ మాట అనుకోవడానికే భయం. తన మీద తనే వేసుకోవచ్చు గానీ, తన సంగతి తనకి బాగా తెలుసు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చింతలపూడి నుంచి అత్తగారు వీరరాఘవమ్మ, రోజూ చేసే వీడియో కాల్. డెబ్బై రెండేళ్ళు వచ్చినా పామాయిల్ తోట ఒంటి చేత్తో చూసుకుంటోంది. రాయిలాంటి మనిషి. పైగా దూరం.

వెంకట్రాజు ఇంకేమీ ఆలోచించలేదు. ఫోను తెర మీద కనపడుతున్న నెరిసిన తల మీద అరచెయ్యి ఆనించి, "అత్తయ్య గారి మీద ఒట్టు, మళ్ళీ ముట్టుకోను" అన్నాడు.

"ఏమ్మా కుసుమా, అక్కడ కరెంటు పోయిందా? అంతా చీకటైపోయింది," అంది వీరరాఘవమ్మ.

కుసుమ సంబరంగా సంగతి చెప్పింది. వీరరాఘవమ్మ మొహం తెరకి బాగా దగ్గరగా వచ్చింది.

"నా మీదా? నన్నడిగారా?"

"దగ్గరి వాళ్ళ మీద వేస్తేనే కదండీ గట్టిగా ఉంటుంది," అన్నాడు వెంకట్రాజు.

"అంత దగ్గరి దాన్నయితే పోయినేడాది నా మోకాలు వాచినప్పుడు ఒక్కసారి చూడ్డానికి రాలేదేమండీ అల్లుడు గారూ?"

వెంకట్రాజు సిగ్నల్ లేదని చెప్పి ఫోను పెట్టేశాడు.

పదిన్నరకి కొట్టు ముందు మేత లోడు దిగుతుండగా, అతని ఎడమ చెయ్యి అతన్ని అడక్కుండానే జేబులోకి వెళ్ళింది. రెండు పొట్లాలూ తీసింది, చింపింది, కలిపింది, దవడలో సర్దింది. ఇందులో వెంకట్రాజు ప్రమేయం పెద్దగా లేదు. వెంటనే ఫోను మోగింది.

"అల్లుడు గారూ, ఇప్పుడే పెరటి మెట్టు మీంచి జారానండి. గోడ దొరికింది గానీ లేకపోతే పోయేదాన్నే. మీరేమైనా నోట్లో వేసుకున్నారా?"

"ఊఁ ఊఁ," అన్నాడు వెంకట్రాజు, లేదన్నట్టు.

"ఏదీ, లేదని నోరు తెరిచి చెప్పండి."

నోరు తెరిస్తే చొక్కా పాడవుతుంది. "ఊఁ ఊఁ."

"అర్థమైంది. బయలుదేరుతున్నాను. నా ప్రాణం మీ చేతికిచ్చి నేనిక్కడ తోటలో నిశ్చింతగా కూర్చోలేను."

వెంకట్రాజు పరిగెత్తుకెళ్ళి ఉమ్మేశాడు. నాలుగుసార్లు పుక్కిలించాడు. వానాకాలం కదా, మెట్టు నాచు పట్టి ఉంటుందని అతనికి తట్టకపోలేదు. అయినా జారింది ఎన్ని గంటలకో మళ్ళీ ఫోను చేసి అడిగాడు. సరిగ్గా పదిన్నరకే.

మంగళవారం వీరరాఘవమ్మ పెట్టెతో సహా బస్సు దిగింది. ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా కొట్టుకే వచ్చి మేత బస్తాల మీద కూర్చుంది. బస్తాలు మోసే ముఠాకి మేస్త్రీ నెల్సన్. అతను వచ్చి మర్యాదగా అడిగాడు.

"ఏ పని మీద వచ్చారండీ?"

"చావకుండా ఉండడానికి బాబూ," అంది వీరరాఘవమ్మ, మొత్తం కథ చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళకి సగం కైకలూరుకి, సాయంత్రానికి మిగతా సగానికీ తెలిసిపోయింది.

బుధవారం వెంకట్రాజు నిగ్రహం తెగింది. అత్తగారు కునుకు తీయగానే ఎదురుగా ఉన్న కిళ్ళీ కొట్టుకి వెళ్ళి, రెండు పొట్లాలివ్వమని సైగ చేశాడు. కొట్టు యజమాని ఫణికిరణ్ చేతులు జోడించాడు.

"క్షమించాలండి. పెద్దావిడకేమైనా అయితే పొట్లం ఎవడిచ్చాడని మొదట నన్నే అడుగుతారు."

"పదకొండేళ్ళుగా నాకు అమ్ముతున్నావు కదయ్యా! నేను పోతానేమోనని ఒక్క రోజైనా అనుకున్నావా?"

"మీరు పోతే అది మీ ఇష్టమండి. ఆవిడ పోతే నా మీదకొస్తుంది."

గురువారం తవుడు లోడు మాట్లాడి రమ్మని యజమాని తాడేపల్లిగూడెం పంపితే వెంకట్రాజుకి ప్రాణం లేచొచ్చింది. అక్కడ అత్తగారూ లేదు, ఒట్టు సంగతి తెలిసిన వాడూ లేడు. రైసు మిల్లు గేటు దాటాడో లేదో కాటా దగ్గర మనిషి లేచి నిలబడి, "రండి రండి, మీ అత్తగారు కులాసాగా ఉన్నారాండీ?" అన్నాడు. లారీ డ్రైవర్లు అతని కంటే ముందే వచ్చి వెళ్ళారు. రైల్వే స్టేషన్ దగ్గర కిళ్ళీ కొట్టువాడైతే అడక్కముందే తల అడ్డంగా ఊపాడు. మానడానికి మనోనిబ్బరం అక్కర్లేదు, దొరక్కపోతే చాలునని వెంకట్రాజుకి ఆ ప్లాట్‌ఫాం మీద తెలిసొచ్చింది. పదకొండేళ్ళలో ఈ ముక్క ఏ ప్రభుత్వానికీ తెలియలేదు.

శుక్రవారం నెల్సన్ భార్య ప్రభావతి వీరరాఘవమ్మ దగ్గరికొచ్చింది.

"మేం ఒట్లు వేసుకోమండి, బైబిలు వాక్యంలో వద్దని ఉంది. ఊరికే మా ఆయన పేరు కూడా మీ మీద రాసుకోండి, చాలు."

"నా మీద రాసుకోవడమేంటమ్మా? నేనేమైనా గోడనా?"

"సొంతవాళ్ళ మీద వేయించాలంటే భయమండి. మీరైతే మాకేమీ కారు కదా!"

ఈ మాట మిగతా ఆడవాళ్ళకి బాగా నచ్చింది. ఇంట్లో ఎవరి ప్రాణానికీ పూచీ పడక్కర్లేకుండా మొగుళ్ళ చేత మాన్పించే తల ఒకటి దానంతటదే ఊళ్ళోకి వచ్చింది. ఆదివారం సాయంత్రానికి ముఠా కూలీలూ, ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళూ, చెరువుల్లో వలలు లాగే వాళ్ళూ ముప్పై మందికి పైగా వరసకట్టి వచ్చి వీరరాఘవమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి పోయారు. అన్నీ చేపలు పట్టిన చేతులే. ఆవిడ మూడుసార్లు తలంటుకున్నా వాసన పోలేదు.

"ఒక్క అల్లుడు చాలడని ఊరంతా కలిసి చంపుతారా నన్ను!" అని మొత్తుకుంది గానీ, ప్రాణం కావాలంటే కాపలా తప్పదు. సోమవారం నుంచి పొద్దున్నే ఏడింటికి కొట్టు ముందు తనిఖీ మొదలుపెట్టింది. మూడు వేళ్ళ పరీక్ష అల్లుడి దగ్గర నేర్చుకుంది.

"తెరువు బాబూ. వేళ్ళు పెట్టు. నాలిక ఎత్తు. ఊఁ, పో. తర్వాత!"

ముప్పై మంది మూడేసి వేళ్ళు నోట్లో పెట్టుకుని నిలబడితే బస్తాలెవరు దింపుతారు? మేత కోసం వచ్చిన రైతులు ఇదేదో కొత్త రకం ధర్నా అనుకున్నారు. ఒకాయన సంఘీభావంగా తనూ వేళ్ళు పెట్టుకుని చివర నిలబడ్డాడు. చేపల లోడు లారీ డ్రైవరు ఐసు కరిగిపోతోందని హారన్ మోగిస్తే, వీరరాఘవమ్మ వెళ్ళి అతన్నీ కిందికి దింపి నోరు తెరిపించింది. అతను ఒట్టే వెయ్యలేదు. "ఎందుకైనా మంచిది," అంది.

ఈ గొడవలో వెంకట్రాజుని పట్టించుకునే వాళ్ళు లేకపోయారు. ఉబ్బిన దవడ చదునైంది. కూరలో ఉప్పు తెలుస్తోంది. రోజూ వ్యాయామం చేస్తుంటే మూడో వేలు గోరు దాకా దూరుతోంది. ఆ మాట చెప్పబోతే కుసుమ, "చూద్దాం, ఎన్నాళ్ళో" అని చారు పోసేది. గుట్కా దొరక్కపోవడం కంటే ఎవరూ నమ్మకపోవడమే ఇప్పుడతనికి కష్టంగా ఉంది.

మరుసటి సోమవారం తనిఖీ మధ్యలో వీరరాఘవమ్మ కళ్ళు తిరిగి బస్తాల మీదకి ఒరిగిపోయింది.

"ఎవడు తిన్నాడ్రా?" అని అరిచాడు నెల్సన్.

ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే విశ్వాసం అనే అతను చెయ్యెత్తాడు. "నిన్న సాయంత్రం. సగం పొట్లమేనండి."

"సగానికే ఇంత అవదురా," అన్నాడు పక్కవాడు ఏడుపు గొంతుతో. "నేను రోజూ తనిఖీ అవ్వగానే వేసుకుంటున్నాను."

ఇక ఆగలేదు. ఒకడు పొద్దున్న అన్నాడు, ఒకడు సాయంత్రం అన్నాడు, ఒకడు వాసన మాత్రమే చూశానన్నాడు. ఒక్క వెంకట్రాజుకి తప్ప అందరికీ అమ్ముతున్నానని ఫణికిరణ్ లెంపలేసుకున్నాడు. ఆఖరికి నెల్సన్ గొంతు తగ్గించి, "నేనసలు ఒట్టే వెయ్యలేదు కదా అని..." అన్నాడు.

"నేను తినలేదు," అన్నాడు వెంకట్రాజు.

వీధంతా అతని వైపు తిరిగింది. ఇంటి నుంచి పరిగెత్తుకొచ్చిన కుసుమ మండిపడింది. "మా అమ్మ ప్రాణం మీదకి తెచ్చింది చాలక ఇంకా అబద్ధాలా? అందరి కంటే ముందు ఒట్టు వేసింది మీరే కదండీ!"

పదమూడు రోజులు నోరు కట్టుకుని బతికిన మనిషికి ఇదా బహుమతి? వెంకట్రాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏలూరు పదండి! ఇవాళే డాక్టరమ్మ నన్ను రమ్మంది. నేను చెప్పను, నా నోరే చెబుతుంది!"

ఆటోలో వీరరాఘవమ్మ, కుసుమ, వెంకట్రాజు. వెనక మేత వ్యానులో నెల్సన్, ముఠా మొత్తం. ఇంతమందిని చూసి డాక్టరు ఎలిజబెత్ హడలిపోయింది.

"నేను పళ్ళ డాక్టర్నండీ. కళ్ళు తిరిగితే వేరే ఆసుపత్రికి..."

"ముందు నా నోరు చూడండి," అని వెంకట్రాజు కుర్చీ ఎక్కేశాడు.

డాక్టరు చూసింది. "రెండున్నర వేళ్ళు. చాలా నయం. నిజంగానే మానేశారు, తెలుస్తోంది."

"విన్నారా?" అని వెంకట్రాజు గది దద్దరిల్లేలా అరిచాడు. పెళ్ళినాడు కూడా అతని మొహం అంత వెలగలేదు.

"మరి నాకెందుకొచ్చిందమ్మా ఈ తిప్పలు?" అంది వీరరాఘవమ్మ నీరసంగా. "వారం రోజులై నోరు మంట. ముద్ద దిగట్లేదు."

డాక్టరు ఆవిణ్ణి కూర్చోబెట్టి, లైటు వేసి, నోరు తెరవమంది. తెరవగానే దవడలోంచి ఎర్రటి ముద్ద ఒకటి పళ్ళెంలోకి జారింది.

"ఇదేంటండీ?"

"ఆకమ్మా."

"ఆకులో?"

"వక్క. సున్నం."

"ఇంకా?"

"చిన్న కాడ ముక్క."

"ఏం కాడ?"

"పొగాకు కాడ," అంది వీరరాఘవమ్మ.

ఇంతసేపూ ఆవిడ దవడలో ఏముందో ఈ కథలో రాలేదు. కైకలూరులోనూ ఎవరి నోటా రాలేదు. ముప్పై నోళ్ళు తనిఖీ చేస్తున్నంతసేపూ ఆవిడ నములుతూనే ఉంది, ముప్పై మందీ చూస్తూనే ఉన్నారు. కూలివాడు నమిలితే గుట్కా, ముసలమ్మ నమిలితే తాంబూలం. అంతే ఈ దేశం తెలివి.

"యాభై ఏళ్ళ నుంచి వేసుకుంటున్నాను. పెద్దవాళ్ళు పెట్టిన అలవాటు. అది పొగాకెలా అవుతుందమ్మా?"

"మీ చెంప లోపల ఈ తెల్ల మచ్చకి అవన్నీ తెలియవండి. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతాను. ఇవాళే మానేస్తే తగ్గిపోయే అవకాశం ఉంది. మానకపోతే నేనేమీ చెప్పలేను."

ఎవరో పొగాకు నమిలితే వీరరాఘవమ్మ ప్రాణానికి ముప్పన్న మాట నిజమే అయింది. ఆ నమిలేది వీరరాఘవమ్మే. ఆవిడ చాలాసేపు పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. డెబ్బై రెండేళ్ళకి ఇంకెందుకు మానడం అని ఒకసారి, ఇంకా తోట చూసుకోవాలి కదా అని ఒకసారి పైకే అనుకుంది. చెయ్యి మాత్రం బొడ్లోని ఆకుల సంచి మీదే ఉంది. కుసుమ ఆ సంచి లాగేసుకుంది.

"అమ్మా, ఒట్టెయ్యి."

"ఎవరి మీదే?"

ఆ మాట వినగానే తలుపు దగ్గర గుమిగూడిన ముఠా అంతా ఒక్కసారి వెనక్కి తగ్గింది. నెల్సన్ అయితే "మాకు వాక్యంలో..." అంటూ మెట్లు దిగిపోయాడు. కుర్చీకీ గోడకీ మధ్య ఇరుక్కుని వెంకట్రాజు ఒక్కడే మిగిలాడు. వీరరాఘవమ్మ లేచి, అతని నడినెత్తిన అరచెయ్యి గట్టిగా అదిమింది.

"అత్తయ్య గారూ, కాస్త ఆలోచించండి! మీది యాభై ఏళ్ళ అలవాటు..."

"కదలకండి అల్లుడు గారూ. చెయ్యి జారితే చెల్లదు."

ప్రస్తుతం వెంకట్రాజు కొట్టుకి సెలవు పెట్టి, అత్తగారి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాబట్టి ఇప్పుడు జరగాల్సింది ఇదీ: కొట్లలో ఉన్న ప్రతి పొట్లాన్నీ ఇవాళే దింపించండి, ఒక్కడికి కాదు, ఎవరికీ అమ్మనివ్వకండి. నెలకోసారి ఊరూరికీ నోళ్ళు చూసే డాక్టర్ని పంపండి, ముందు పెద్దావిడల నోళ్ళు చూడమనండి. కమిటీలూ నివేదికలూ తర్వాత వేసుకుందురు గాని, కాస్త త్వరగా కానివ్వండి. వీరరాఘవమ్మ ఇప్పుడే భోజనం ముగించి, ఆకుల సంచి కోసం వెతుక్కుంటోంది.