ఎర్ర దీపం వెలిగేదాకా

నిదానం ఆ రోజుకు వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే లేచి టీ తాగడం, లారీలో రేడియో బిగించడం, యార్డు గంట మోగేలోపు వెళ్ళి మేనేజరుకు చూపించడం. టీ వరకు పథకం ప్రకారమే జరిగింది.

నిదానం అతని అసలు పేరు కాదు. మలుపుల దగ్గర లారీని మరీ నెమ్మదిగా తిప్పుతాడని తోటి డ్రైవర్లు పెట్టిన పేరు. కొండమీది క్వారీ నుంచి కంకర దింపడం అతని పని. అందులో దూరం ట్రిప్పు, దగ్గర ట్రిప్పు అని రెండున్నాయి. దూరం ట్రిప్పువాడు చీకటితో వెళ్ళి, మళ్ళీ చీకటి పడ్డాక ఎప్పటికో వస్తాడు. దగ్గర ట్రిప్పువాడు ఎండ ఉండగానే ఇల్లు చేరతాడు. నిదానం లారీ ఎక్కినప్పటినుంచీ దూరం ట్రిప్పే. అతని కూతురు ఈమధ్యే బడిలో చేరింది. ఆ పిల్ల మేలుకుని ఉండగా తండ్రి ఇంట్లో కనబడేది ఆదివారం ఒక్కరోజే. మీ నాన్న ఏం చేస్తాడని టీచరు అడిగితే "ఆదివారం వస్తాడు" అని చెప్పిందట. అది విన్నాక నిదానం తిన్నగా యార్డుకు వెళ్ళి దగ్గర ట్రిప్పు కావాలన్నాడు. ఉన్న ఖాళీ ఒక్కటే. దాన్ని అప్పటికే పొడుగు అనే డ్రైవరు అడిగి ఉన్నాడు.

మేనేజరు తగువు తీర్చేశాడు. "కొండ దారి ఇరుకు. మలుపు తిరిగే ముందు ఎదురొచ్చేవాడికి రేడియోలో చెప్పాలి. మొన్న ఒకడి రేడియో గతుకులో ఊడి బ్రేకు కింద పడింది. అందుకని మీ ఇద్దరివీ నేను చేత్తో పట్టి లాగుతాను. ఎవరిది కదలదో వాళ్ళకే దగ్గర ట్రిప్పు," అన్నాడు. పొడుగు లారీలోని రేడియోను మేనేజరు ముందురోజే లాగి చూశాడు. అది ఊగింది. ఇక నిదానానిది ఊగకపోతే చాలు.

లారీ ఇంటి ముందు రోడ్డు పక్కన ఆగి ఉంది. నిదానం ముందుగా వైరు కలిపి చూశాడు. రేడియో మీద పచ్చ దీపం వెలిగింది. ఇనుప పట్టీని డ్యాష్‌బోర్డుకు స్క్రూలతో బిగించి, అందులో రేడియోను కూర్చోబెట్టి, మేనేజరు లాగినట్టే లాగాడు. రేడియో, పట్టీ, స్క్రూలు కలిసికట్టుగా చేతిలోకి వచ్చాయి.

"అది ప్లాస్టిక్కు బావా. దానికి స్క్రూ పట్టదు," అన్నాడు బావమరిది, పిట్టగోడ అవతలనుంచి. బావమరిది వడ్రంగి. ఉండేది పక్కింట్లోనే. ఎక్కడ సుత్తి చప్పుడైనా అక్కడ తేలతాడు, పిలవాల్సిన పని లేదు.

"నీకు లారీ పని ఏం తెలుసురా?"

"లారీతో నాకేం పని? వెనకాల చెక్క పెట్టి బోల్టు దూరిస్తే ఏనుగు లాగినా రాదు."

"లాగేది ఏనుగు కాదు, మేనేజరు."

"అయితే సన్న చెక్క చాలు."

బావమరిది ఇంట్లోకి వెళ్ళి చెక్కతో తిరిగి వచ్చాడు. ఎక్కడిదని నిదానం అడగలేదు. ఇద్దరూ డ్యాష్‌బోర్డు కిందికి తలలు దూర్చారు. చెక్క సరిగ్గా సరిపోయింది గాని, దాన్ని నిలబెట్టడానికి స్క్రూలు చాలలేదు.

"బావా, ఈ అంచుల్లో కొన్ని ఉన్నాయి. ఇవెందుకు?"

"ఎందుకో ఉంటాయిలే."

"పైకి కనబడనివాటికి పెద్ద పనేమీ ఉండదు," అని బావమరిది వాటిని విప్పి చెక్కకు వాడేశాడు. ఇంకొకటి తక్కువైతే మైకు తగిలించే కొక్కెం స్క్రూ కూడా తీసుకున్నాడు. దాంతో మైకు వైరు మీద వేలాడుతూ నిదానం మోకాలిని కొట్టసాగింది.

అప్పుడే నిదానం భార్య వీధిలోకి వచ్చింది. ఆవిడ బడి సంచులు కుడుతుంది. భుజం మీద సంచులకు వేసే పట్టీలు వేలాడుతున్నాయి.

"నా మిషను బల్ల కింద అర ఏది?"

డ్యాష్‌బోర్డు కింద రెండు తలలూ కదల్లేదు.

"ఏమండీ, మిమ్మల్నే. ఉన్నట్టుండి మిషను ఒక పక్కకి ఒరిగింది. అర దానంతటది నడిచి పోయిందా?"

"మంచి పనికే పోయిందిలే అక్కా," అంది ఒక తల.

ఆవిడ తలుపు తీసి చూసింది. తన చెక్కను గుర్తుపట్టింది. అప్పటికే అందులో బోల్టులు దిగి ఉన్నాయి. ఇక చెక్క సంగతి వదిలేసి, మైకును చూసి అంది. "అదలా వేలాడితే గేరు వేసే చేతికి అడ్డం పడదూ? ఇటివ్వండి." సంచి పట్టీ ఒకటి తీసి రేడియోనూ మైకునూ కలిపి చుట్టింది. బకిలీలో దూర్చి, బలంగా లాగింది. రేడియో మీద ఎర్ర దీపం వెలిగింది.

ముగ్గురూ దాన్ని చూశారు.

"ఇదేంట్రా, ఎర్రగా?" అన్నాడు నిదానం.

బావమరిది దీపాన్ని వేలితో తట్టి చూశాడు. "బిగింపు సరిపోయిందని."

"అది కూడా చెప్తుందా?"

"ఇప్పటి సామాన్లన్నీ అంతే. మిక్సీ మూత సరిగ్గా పడకపోతే తిరుగుతుందా? ఇదీ అంతే. కావాలంటే అక్కా, కాస్త వదులు చెయ్యి." వదులు చేస్తే దీపం ఆరింది. బిగిస్తే వెలిగింది. "చూశావా?"

చూశాక నమ్మక ఏం చేస్తాడు.

నిజానికి ఎర్ర దీపం వెలిగితే మైకు మీది మీట నొక్కుకుని, మైకు తెరుచుకుందని అర్థం. అప్పుడు ఇక్కడి మాట అన్ని లారీల్లోనూ, యార్డులోనూ వినబడుతుంది. ఇది ఆపేదాకా ఇంకెవరూ మాట్లాడడానికి ఉండదు. రేడియోలు కొత్తగా వచ్చినప్పుడు ఈ సంగతి మేనేజరు డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఆ రోజు నిదానం దూరం ట్రిప్పులో ఉన్నాడు.

యార్డులో రేడియో గది ఉంది. అక్కడ కూర్చునేది పొడుగు భార్య. ఆవిడ "దారి ఖాళీ" అంటేనే లారీ కొండ ఎక్కాలి. ఆ ఉదయం మొదటి లారీకి ఆ మాట చెప్పబోయింది. ఆవిడ గొంతుకు బదులు అందరికీ "ఇంకా లాగక్కా, దీపం ఆరుతోంది" అని వినబడింది. బయలుదేరిన లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డ్రైవర్లు ఇంజన్లు ఆపి, సీట్లలో వెనక్కి వాలి, వినడం మొదలుపెట్టారు.

"నిజంగా అంత గట్టిగా లాగుతాడా మీ మేనేజరు?" అని బావమరిది గొంతు.

"ఆయనా? నీళ్ళ సీసా మూత తియ్యడానికే గుమాస్తాను కేకేస్తాడు," అని నిదానం గొంతు.

ఆ సమయానికి యార్డు ఆఫీసులో సీసా గుమాస్తా చేతిలోనే ఉంది. మూత అప్పుడే తీశాడు. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ బిగించి మేనేజరు చేతికిచ్చాడు. మేనేజరు సీసాను బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, బయటికి నడిచాడు.

"అయినా ఇంత హైరానా ఎందుకు బావా? దూరం ట్రిప్పుకేమొచ్చింది?"

నిదానం ఇంకో బోల్టు తిప్పాడు. తల డ్యాష్‌బోర్డు కింద ఉన్న మనిషి ఎదుటివాడి మొహం చూడనక్కర్లేదు గనక, ఆఖరికి చెప్పేశాడు. "పిల్లకి నేను ఆదివారం వచ్చే చుట్టాన్నయిపోయానురా. దానికి అన్నం కలిపి పెడదామంటే అప్పటికే నిద్రపోతుంది. ఈ రేడియో కదలకుండా ఉంటే చాలు, నాకింకేం వద్దు."

లారీల్లో డ్రైవర్లు కొందరు కిటికీలోంచి బయటికి చూశారు. చూడ్డానికి బయట ఏమీ లేదు.

ఆగిన లారీల్లో నిదానం ఇంటికి దగ్గరున్నది గుండుది. తల నున్నగా ఉంటుందని ఆ పేరు. వీధి మొదట్లో ఉన్న లారీ దిగి నడిచి వచ్చాడు. "అన్నా, నీ మైకు..."

"మైకు సంగతి మా ఆవిడ చూస్తోంది. నువ్వొచ్చి ఈ చెక్క చివర పట్టుకో."

గుండు పట్టుకున్నాడు. చెక్క చేతిలోకి రాగానే అతనికి అభిప్రాయం కూడా వచ్చింది. "అడ్డంగా పెట్టారేం? నిలువుగా పెట్టాలి."

"నువ్వు వడ్రంగివా?" అన్నాడు బావమరిది.

"తలుపు తీసి మూస్తాను కదా, ఆమాత్రం తెలీదా?"

వాదన ముదిరింది. గుండు ఎందుకు వచ్చాడో గుండుకే గుర్తులేకుండా పోయింది.

రేడియో గదిలో పొడుగు భార్య ఇక లాభం లేదనుకుని యార్డులోనే ఉన్న మొగుణ్ణి పిలిచి, "పరిగెత్తండి, వెళ్ళి ఆ మైకు మూయించి రండి," అంది. పొడుగు పరిగెత్తి వచ్చాడు. లారీ మెట్టెక్కి తల లోపలికి పెట్టాడు. అతన్ని చూడగానే నిదానం మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అన్నా, ఏమనుకోకు. దగ్గర ట్రిప్పు నీకూ అవసరమే. నాకు తెలుసు."

పొడుగుకు వగర్పు తీరలేదు. అయినా ఆ మాటకు మనసాగలేదు. "నాకెందుకయ్యా ఆ ట్రిప్పు? నా రేడియో ఎందుకు ఊగిందనుకున్నావు? మేనేజరు వచ్చే ముందు నేనే ఒక స్క్రూ వదులు చేశాను."

"అదేంటన్నా?"

"మా ఆవిడ అడగమంది, అడిగాను. దూరం ట్రిప్పులో నా వంట నాది, నా నిద్ర నాది. పొద్దుండగా ఇల్లు చేరితే ఏముంది? గోడకి మేకు కొట్టమంటుంది. కొట్టాక అక్కడ కాదు, ఇక్కడంటుంది. నువ్వే తీసుకో, పుణ్యముంటుంది."

చెక్క పట్టుకున్న గుండు అడిగాడు. "సరే గానీ, నువ్వెందుకొచ్చావన్నా?"

"మైకు తెరిచి ఉందని చెబుదామని..." అని పొడుగు ఆగిపోయాడు. ఎర్ర దీపం నిలకడగా వెలుగుతోంది. అతను దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఇందాకటినుంచీ తెరిచే ఉంది," అన్నాడు నీరసంగా.

అప్పుడు నిదానానికి నీళ్ళ సీసా గుర్తొచ్చింది.

మేనేజరు వచ్చేశాడు. ఎవరినీ పలకరించలేదు. "ఏదీ, పక్కకు తప్పుకోండి," అని ఒక కాలు మెట్టుకు తన్నిపెట్టి, రెండు చేతులా రేడియోను పట్టాడు. చేత్తో లాగుతానన్నవాడు ఒళ్ళంతా పెట్టి లాగాడు. రేడియో కదల్లేదు. మళ్ళీ లాగాడు. కదల్లేదు. మూడోసారి పళ్ళు బిగించాడు. లోపల ఏదో ఫెళ్ళుమంది. అంచుల్లో కనబడకుండా ఉండే స్క్రూలు డ్యాష్‌బోర్డును లారీకి పట్టి ఉంచేవని అందరికీ అప్పుడే తెలిసింది. మేనేజరు రోడ్డు మీద కూలబడ్డాడు. ఒళ్ళో డ్యాష్‌బోర్డు ఉంది. డ్యాష్‌బోర్డుకు వెనక చెక్క, ముందు రేడియో, రేడియోకు వైరు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. సంచి పట్టీ బకిలీ ఒక్కటే ఊడింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

దీపం ఆరగానే రేడియోలో ఆడగొంతు వినబడింది. "మేనేజరు గారూ, దగ్గర ట్రిప్పు నిదానం అన్నయ్యకే ఇచ్చేయండి. మావారిని దూరమే పంపండి."

పొడుగు వంగి మేనేజరు ఒళ్ళోని మైకు అందుకుని నొక్కాడు. "అదేంటి? నువ్వేగా అడగమన్నావు?"

"ఇంటి మీద బెంగ పెట్టుకున్నారేమోనని అడగమన్నాను. లేకపోతే నాకూ హాయే. మేకు నేనే కొట్టుకుంటాను, ఒక్కసారే కొడతాను."

ఆగి ఉన్న లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. నిదానం భార్య పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నిదానం మాత్రం మేనేజరు వైపే చూస్తున్నాడు.

"సార్, డ్యాష్‌బోర్డు కదిలింది," అన్నాడు భయంగా.

మేనేజరు ఒళ్ళోకి చూసుకున్నాడు. రేడియోను ఇంకోసారి కదిపి చూశాడు. "నేనన్నది రేడియో సంగతి. అది కదల్లేదు. దగ్గర ట్రిప్పు నీదే," అన్నాడు. తర్వాత నీళ్ళు అడిగాడు. నిదానం భార్య మంచి మనిషి. గ్లాసులో తెచ్చి ఇచ్చింది.

"దారి ఖాళీ," అంది రేడియో.

యార్డు మెకానిక్కు వచ్చి డ్యాష్‌బోర్డును లారీకి అప్పగించాడు. చెక్క స్థానంలో ఇనుప రేకు పెట్టాడు. అర బల్ల కిందికి చేరి, మిషను నిటారుగా నిలబడింది. నిదానం ఒక ట్రిప్పు వేసి, ఎండ ఉండగానే ఇల్లు చేరాడు. కూతురు అరుగు మీద ఉంది. తండ్రిని, ఆకాశాన్ని మార్చి మార్చి చూసింది.

"ఇవాళ ఆదివారమా నాన్నా?"

"కాదమ్మా."

"మరి వచ్చావేం?"

"ఇక రోజూ వస్తాను."

పిల్ల చప్పున లేచింది. "అయితే రోజూ ఆదివారమే," అని బడి సంచి తీసుకెళ్ళి మంచం కిందికి తోసేసి వచ్చి, తండ్రి పక్కన అన్నానికి కూర్చుంది.

మర్నాడు ఆ పిల్లను బడికి పంపడానికి పడిన పాట్లతో పోలిస్తే, రేడియో బిగించడం చాలా తేలిక.