నేనొచ్చేదాకా లాగు

ఆ ఉదయం గోనెల బాబాయి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పాత గోదాముల వీధిలో ఆయన గోనెసంచుల కొట్టున్న మూడంతస్తుల భవనం తాతల నాటిది. దాన్ని ఉంచాలో కూల్చాలో తేల్చడానికి మధ్యాహ్నం ఆఫీసరు వస్తాడు. ఆలోపు వడ్రంగిని తెచ్చి పుచ్చిన మెట్లు బాగు చేయించాలి. భవనం పోతే కొట్టు పోతుంది. కొట్టు పోతే బాబాయికి గోనెలమ్మడం తప్ప వేరే విద్య రాదు.

కొట్టు బావమరిదికి అప్పగించి బయల్దేరాడు. బావమరిది బంగారం లాంటివాడు. చిక్కల్లా ఒకటే, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు.

ఆఫీసరు పొద్దున్నే ఊడిపడ్డాడు. నిండైన విగ్రహం. వచ్చీ రాగానే గోడను వేలితో తట్టి "శిథిలం" అని రాసుకున్నాడు. పై అంతస్తు చూడటమే మిగిలిందన్నాడు. బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఆఫీసరు గారొచ్చేశారు. పైకెళ్తానంటున్నారు."

అక్కడ వడ్రంగి ఇంకా రంపం వెతుక్కుంటున్నాడు. బాబాయి కంగారుపడిపోయాడు. "మెట్లు మాత్రం ఎక్కనివ్వకు. నేనొచ్చేదాకా ఎలాగోలా లాగు," అన్నాడు.

మరొకరైతే కబుర్లతో కాలం లాగేవారు. కానీ ఆ గోదాములో "లాగు" అన్న మాటకు ఒకటే అర్థం. పై అంతస్తు నుంచి వీధిలోకి పొడుచుకొచ్చిన దూలానికో కప్పీ, దాని మీదుగా తాడు, తాడు చివర బస్తాలెత్తే పలక.

"మెట్లొద్దన్నాడు సార్ మా బావ. సరుకంతా దీని మీదే పైకెళ్తుంది, కూర్చోండి."

మూడంతస్తులెక్కే ఆయాసం తప్పిందని ఆఫీసరు సంతోషంగా కూర్చున్నాడు. బావమరిదీ ఇద్దరు హమాలీలూ లాగారు. సగం దూరం వెళ్ళాక తాడు కప్పీ గాడి తప్పి ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. ఎదురు కొట్టు ఇనుము వ్యాపారి కూడా వచ్చి ఓ చెయ్యి వేశాడు. బావ వచ్చేదాకా లాగమన్నాక బావమరిది వదులుతాడా?

ఇంతలో టీ కొట్టాయన తలెత్తి చూశాడు.

"ఎవరాయన?"

"బిల్డింగు సంగతి తేల్చే ఆఫీసరు," అన్నాడు హమాలీ.

"మరి దిగరేం?"

"ఇప్పట్లో దిగేలా లేరు."

అంతే. టీ గ్లాసులతో పాటు కబురూ కొట్టుకొట్టుకీ తిరిగింది. భవనం కూల్చొద్దని సాక్షాత్తూ ఆఫీసరే వేలాడుతూ నిరసన చేస్తున్నాడట, హామీ ఇస్తే గాని దిగడట. జనం పోగై "కూల్చొద్దు, కూల్చొద్దు" అంటూ ఆయనకు మద్దతుగా అరిచారు. పేపరు విలేకరి కింద నుంచి అడిగాడు:

"సార్, ఇది గట్టి బిల్డింగేనంటారా?"

ఆఫీసరు కళ్ళు మూసుకుని తాడును కావలించుకున్నాడు. "గట్టిదే బాబూ. గట్టిదే అయ్యుండాలి. ఎవరూ అనుమానపడొద్దు."

వడ్రంగిని వెంటబెట్టుకొచ్చిన బాబాయి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏంట్రా ఇది?"

"నువ్వేగా బావా, వచ్చేదాకా లాగమన్నావు."

బాబాయి నెత్తి బాదుకున్నాడు. కొట్టు మునిగినట్టే. వడ్రంగి గోడవారగా మెట్లెక్కి తాడును గాడిలో పెట్టాడు. ఆఫీసరు మెల్లగా నేలకు దిగాడు.

"తప్పయిపోయింది సార్," అంటూ బాబాయి చేతులు జోడించాడు.

ఆఫీసరు చూపు దూలం మీదే ఉంది. "నాకెందుకయ్యా దణ్ణం? దానికి పెట్టు. ఇంతసేపు మోసి కిర్రుమనలేదు. మా ఇంట్లో మంచం నేను పక్కకు తిరిగితేనే కిర్రుమంటుంది."

అక్కడికక్కడే "శిథిలం" కొట్టేసి "దృఢం, ఉంచదగినది" అని రాశాడు. మెట్లు మాత్రం బాగు చేయించమన్నాడు.

బాబాయికి కళ్ళనీళ్ళు ఆగలేదు. బావమరిది అరచేతులు తాడు ఒరిసి ఎర్రగా కందాయి. వాటిని తన చేతుల్లోకి తీసుకుని, ఇనుము వ్యాపారికీ హమాలీలకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. తర్వాత దూలంకేసి చూశాడు. "ఏ తల్లి కన్న బిడ్డలు ఎక్కించారో దీన్ని, వాళ్ళ పిల్లాపాపా చల్లగా ఉండాలి," అన్నాడు. పక్కనే ఆఫీసరు కూడా తలూపాడు.

మర్నాటి నుంచి ఆ వీధిలో ఎవరి గోదాముకు ఆఫీసరొస్తున్నాడని తెలిసినా, ఆ పూటకు బావమరిదిని అరువడగడం మొదలుపెట్టారు.