ఎనిమిది వందల నలభై వల ముడులు

సృష్టిలో ఉన్న వాహనాలన్నీ పదకొండు రకాలు. ఈ సంగతిని వన్ టౌన్‌లో ఎండుమిర్చి గోదాము పైఅంతస్తులో ఉన్న నిశ్చల వాహనాల గుర్తింపు కేంద్రం నిర్ణయించింది. పన్నెండో రకం ఎవరికైనా కనిపిస్తే అది చూసినవారి పొరపాటు. (చూపు పొరపాటును సరిదిద్దుకోవడానికి ఒక ఫారం ఉంది. దాన్ని నింపాలంటే ముందు వాహనం నంబరు కావాలి.)

కూర్మన్నపాలెం దొరబాబుకు ఈ పదకొండు రకాల గురించి తెలియదు. స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆరేళ్ళ కిందట ఒక ఫ్లయింగ్ క్లబ్బు మూతపడుతూ పాత సామాన్లతోపాటు రెండు సీట్ల విమానాన్ని వదిలించుకుంటే, దాన్ని లారీలో వేయించుకొచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాడు. 1962లో తయారైంది. రెక్కల మీది గుడ్డ చిరిగి లోపలి చెక్క పట్టీలు కనబడేవి. పట్టీలు మార్చాడు. ఇంజిను విప్పి, కడిగి, బిగించాడు. కొత్త గుడ్డ తెప్పించాడు.

గుడ్డను చెక్క పట్టీలకు దారంతో కుట్టాలి. ఏ ముడి వేయాలో విమానంతో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంది. దొరబాబు దాన్ని ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే అప్పలరాజుకు చూపించాడు.

"ఇది మా వల ముడే గదా బావా," అన్నాడు అప్పలరాజు. "సిన్నప్పట్నుంచీ ఏత్తన్నాను. ఈ పుస్తకమోడు మా కాడే నేర్సుకున్నాడేటి?"

అప్పలరాజు పద్దెనిమిది రోజులు వచ్చి ఎనిమిది వందల నలభై ముడులు వేశాడు. దొరబాబు ఒక్కొక్కటీ చూసి లాగ్‌బుక్కులో రాసుకున్నాడు. ప్లాంటు అలవాటు. చేసిన పని రాయకపోతే చేయనట్టే.

ఇక మిగిలింది ఒకటే. ఇంజిను గంటసేపు నడిపి, లైసెన్సున్న ఇంజనీరు సంతకంతో రిపోర్టు పంపితే ఎగరడానికి అనుమతిస్తామని ఢిల్లీలోని విమానాల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రకం ఇంజిను మీద సంతకం పెట్టగలవాడు చుట్టుపక్కల జిల్లాల్లో శ్రీరామ్మూర్తి ఒక్కడే. డెబ్బై ఆరేళ్ళు. నలభై ఎనిమిదేళ్ళుగా విమానాలకు సంతకాలు పెడుతున్నాడు. ఆయన లైసెన్సు జూన్ పదితో అయిపోతుంది. మళ్ళీ ఇవ్వాలంటే గడిచిన రెండేళ్ళలో ఒక్క సంతకమైనా చూపించాలి. రెండేళ్ళుగా ఆయన దగ్గరికి ఇంజిను తెచ్చినవాడు లేడు.

"నీ ఇంజిను తిరిగితే ఇద్దరం నిలబడతాం దొరబాబూ," అన్నాడు శ్రీరామ్మూర్తి. "తిరక్కపోతే నేను సంచీ పట్టుకుని రైతుబజారుకు వెళ్ళే ముసలాణ్ణి."

నగరంలో ఇంజిను తిప్పాలంటే గుర్తింపు కేంద్రం ఇచ్చిన నంబరు ఉండాలి. ఫిబ్రవరిలో దొరబాబు ఫారం నింపాడు. 'ఇప్పటివరకు చేసిన పని' అన్న గడిలో ఉన్నదంతా రాశాడు: ఇంజిను బిగింపు, చెక్క పట్టీల మార్పు, వల ముడులు 840. 'వెంట పనిచేయువారు' అన్న గడిలో శ్రీరామ్మూర్తి పేరు రాసి ఫోటో అంటించాడు.

కౌంటరులో ఆశాజ్యోతి అనే ఉద్యోగిని దాన్ని కంప్యూటరులోకి ఎక్కించింది.

"విమానం అనే ఆప్షన్ లేదంకుల్."

"మరేటున్నాయి తల్లీ?"

"బండి, ట్రాక్టరు, పడవ, రథం... మీరేం బెంగపడకండి. మీరు రాసిందాన్నిబట్టి సిస్టమే తీసుకుంటుంది."

సిస్టమ్ తీసుకుంది. ఇంజిను ఉంది. రోడ్డు మీద నడవదు. వల ఉంది. ఏప్రిల్ పన్నెండున నంబరు వచ్చింది. రకం 7, యాంత్రిక చేపల పడవ. దొరబాబు, పడవ నడిపే సరంగు. శ్రీరామ్మూర్తి, సరంగు కింద పనిచేసే కళాసీ.

"ఏటి సరంగు బావా," అన్నాడు అప్పలరాజు, కాగితం చదివించుకుని. "ఇంకేటి, మా కట్టాలన్నీ నీకూ వొచ్చీసినాయి."

అతను సరదాకి అన్నాడు. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. కేంద్రం దీనికి తన వంతుగా ఒక నియమం చేర్చింది: ఆ అరవై ఒక్క రోజులూ రకం 7 ఇంజిను ఏదీ, ఎక్కడా తిరగరాదు.

పదహారో తారీఖున తవిటయ్య అనే ఇన్‌స్పెక్టరు కూర్మన్నపాలెం వచ్చి విమానం ముక్కుకున్న పంఖాకు తాడు కట్టి సీలు వేశాడు. (రిపోర్టులో 'పంఖా పడవకు ముందు భాగమున బిగించబడినది, యజమానిని హెచ్చరించడమైనది' అని రాశాడు.) తరవాత టేపు తీసి రెక్క మీద ముడికీ ముడికీ మధ్య దూరం కొలిచాడు. రెండున్నర అంగుళాలు.

"వల కన్ను సైజు సరిపోనాది," అన్నాడు. "పిల్ల సేపలు తప్పించుకోగలవు. ఆ యిసయంలో మీ మీద కేసు లేదు."

"బాబూ, ఇది ఇమానం."

"నాకూ అలాగే కనబడతంది. అందుకే, కళ్ళతో సూసింది రాయొద్దని ట్రైనింగులో మరీమరీ సెప్పినారు."

మర్నాడు దొరబాబు, శ్రీరామ్మూర్తి వన్ టౌన్ వెళ్ళారు. కేంద్రం ఉపసంచాలకుడు ఉదయ్‌కుమార్ ఇద్దరినీ కూర్చోబెట్టి టీ తెప్పించాడు. (పని అయ్యేవారికి ఆ కేంద్రంలో టీ ఇవ్వరు.)

"ఇది సముద్రంలోకి వెళ్ళదు సార్," అన్నాడు దొరబాబు.

"నిషేధం చెప్పేదీ అదే కదండీ. మీరు పాటిస్తున్నారు. సంతోషం."

"రకం మార్చండి సార్."

"మారుస్తాం. పడవ అని ఎక్కిన దాన్ని పడవ కాదనాలంటే తేలుడు పరీక్ష ఉంటుంది. హార్బర్‌కు తెచ్చి నీళ్ళలో దింపితే పది నిమిషాల పని. తేలితే పడవ."

"మునిగితే?"

"మునిగిన పడవ. రకం 8. దానికీ నిషేధం వర్తిస్తుంది."

శ్రీరామ్మూర్తి టీ గ్లాసు కింద పెట్టాడు. "జూన్ పదికి నా లైసెన్సు అయిపోతుందండీ. గంటసేపు తిప్పనిస్తే చాలు."

"పద్నాలుగు దాటగానే తిప్పుకోండి. నాలుగు రోజులే కదండీ తేడా."

దొరబాబు అర్జీలు పెట్టాడు. మూడింటికి రసీదులు వచ్చాయి. మే నెలంతా శ్రీరామ్మూర్తి రోజూ బస్సులో వచ్చి, స్పార్క్ ప్లగ్గులు తీసి, తుడిచి, మళ్ళీ బిగించి వెళ్ళేవాడు.

జూన్ పదిన ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చాడు. అప్పలరాజు కూడా ఉన్నాడు.

"సీలు నాను తెంపీనా?" అన్నాడు అప్పలరాజు. "నాకేటి లైసెన్సా పోడానికి?"

దొరబాబు శ్రీరామ్మూర్తి వైపు చూశాడు. కటింగ్ ప్లేయరు దొరబాబు చేతిలోనే ఉంది.

"సీలు తెంపి తిప్పిన ఇంజినుకు సంతకం పెడితే, ఇన్నాళ్ళు పెట్టినవాటికి కూడా విలువుండదు," అన్నాడు శ్రీరామ్మూర్తి. "అక్కడ పెట్టెయ్."

దొరబాబు పెట్టేశాడు. సాయంత్రం అయిదింటికి శ్రీరామ్మూర్తి బస్సెక్కాడు.

పదిహేనున తవిటయ్య వచ్చి సీలు తీశాడు. మూడో తిప్పుకు ఇంజిను అందుకుంది. శ్రీరామ్మూర్తి గంటసేపూ నిలబడే విన్నాడు. ఒక్క సిలిండరూ తప్పలేదని చెప్పాడు. రిపోర్టు దొరబాబు రాశాడు. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. లైసెన్సు కోసం శ్రీరామ్మూర్తి పెట్టిన దరఖాస్తు రెండు వారాల్లో తిరిగి వచ్చింది: రెండేళ్ళలో సంతకాలు, సున్నా.

ఆగస్టులో గుర్తింపు కేంద్రం నుంచి దొరబాబు ఇంటికి శ్రీరామ్మూర్తి పేరున ఒక కవరు వచ్చింది. దొరబాబు దాన్ని తీసుకువెళ్ళి ఆయన చేతిలోనే పెట్టాడు. లోపల ప్లాస్టిక్ కార్డు ఉంది. ఫారం మీద అంటించిన ఫోటోయే దాని మీద ఉంది. శ్రీరామ్మూర్తి కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివాడు.

వృత్తి: కళాసీ. నైపుణ్యం: వల ముడులు. చెల్లుబాటు: జీవితాంతం.