నాలుగు వందల పన్నెండో వస్తువు

ఆ రోజు పొద్దున్న నిప్పుగారు వేసుకున్న పథకంలో అబద్ధమన్నది లేదు. పెందలాడే డిపోకి వెళ్లాలి, అరలు దులపాలి, గోడ మీద వంకరగా వేలాడుతున్న ఫోటోని సరిచెయ్యాలి, మూడింటికి షీల్డు పుచ్చుకోవాలి. అంతే.

నిప్పు అనేది అతని అసలు పేరు కాదు. బస్సు డిపోలో పోయిన వస్తువుల గదికి అతను గుమాస్తా. జనం బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు, సంచులు, ఒంటి చెప్పులు అన్నీ ఆ గదికే చేరతాయి. కిందటేడు వచ్చిన ప్రతి వస్తువునీ, ఆఖరికి ముక్కు తుడుచుకున్న చేతిరుమాలుని కూడా, సొంతదారుణ్ణి వెతికి పట్టుకుని అప్పగించాడు. నిజాయితీ సంఘం వాళ్లు డిపోకి షీల్డిచ్చారు. "ఇతను నిప్పులాంటి మనిషి" అని సంఘం అధ్యక్షుడు వేదిక మీద అన్నాడు. ఆ రోజునుంచి డిపోలో అందరికీ అతను నిప్పే. ఆ అధ్యక్షుడు నవ్వుతూ షీల్డిస్తున్న ఫోటోయే గది గోడ మీద వేలాడుతోంది. ఎనిమిదో తరగతితో చదువాగిపోయి, ఇరవై ఏళ్లపాటు "ఒరేయ్ గొడుగులూ" అని పిలిపించుకున్న మనిషికి ఆ పేరు ఎంత తీపో పెద్ద చదువులు చదివినవాళ్లకి చెప్పినా అర్థం కాదు.

అరలు దులుపుతుంటే మూలనుంచి ఆకుపచ్చ సబ్బుపెట్టె ఒకటి బయటపడింది. లోపల కట్టుడు పళ్లు. నాలుగు నెలల క్రితం ఒకసారి మూత తీసి, వెంటనే మూసేసి, మూలకి నెట్టేసిన పెట్టె. రిజిస్టరు తీసి చూశాడు. ఈ ఏడాది వచ్చినవి నాలుగు వందల పన్నెండు. అప్పగించినవి నాలుగు వందల పదకొండు. ఏడాది ఆ రోజుతో ముగుస్తుంది.

పెట్టె పట్టుకుని మేనేజరు గదిలోకి పరుగెత్తాడు.

"ఒక్కటేగా సార్. నూటికి నూరు కాదని ఒప్పేసుకుందాం."

మేనేజరు అతనివైపు జాలిగా చూశాడు. "ఒప్పేసుకుంటే షీల్డు ఎవరికి పోతుందో తెలుసా? అవతలి డిపోకి. వాళ్లెలాంటివాళ్లు?"

"దొంగలు సార్."

"మరి! నిజాయితీ షీల్డు దొంగల చేతిలో పెడతావా? అది పాపం కాదూ? నాలుగు వందల పదకొండుసార్లు నిజం చెప్పాం. ఒక్క అబద్ధానికి మనకి హక్కు లేదటయ్యా?"

నిప్పు ఆ లెక్కని వేళ్ల మీద రెండుసార్లు వేసి చూసుకున్నాడు. ఏదో తప్పుందని తెలుస్తోంది గానీ, అది ఎక్కడుందో దొరకలేదు.

"పళ్లు లేని ముసలాయన ఎవరైనా ఉంటే తెచ్చి సంతకం పెట్టించు. లేదా ఈ సాయంత్రంనుంచి నిన్ను మళ్లీ గొడుగులూ అంటారు. నీ ఇష్టం" అన్నాడు మేనేజరు.

పళ్లు లేని ముసలాయన్ని వెతకబోతే బయటెక్కడో లేడు, నిప్పు ఇంట్లోనే ఉన్నాడు. అతని మామగారు. రెండేళ్లుగా మెత్తన్నం తింటూ, గట్టివి తినేవాళ్లందరినీ తిట్టుకుంటూ బతుకుతున్నాడు.

"ఎవడి నోట్లోవో నా నోట్లో పెట్టుకోమంటావా అల్లుడూ? సిగ్గులేదూ?"

"పెట్టుకోనక్కర్లేదు మామయ్యా. సంతకం పెడితే చాలు."

"ఉత్త సంతకమేనా?" మామగారి మొహం చిన్నబోయింది. "అయితే పెట్టుకునే చూస్తాను."

భార్య ఆ పళ్లని ఉప్పునీళ్లలో ముప్పావుగంట నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, పట్టకారుతో పట్టుకుని తండ్రికిచ్చింది. కొంచెం వదులుగా, టకటకమంటూనే ఉన్నా, కూర్చున్నాయి. ముసలాయన అద్దంలో చూసుకుని, ఎదురింటావిడ దొడ్లోని జామచెట్టు వైపు ఒక చూపు చూశాడు.

ముగ్గురూ డిపోకి వచ్చారు. సంతకం పెట్టేచోట 'వస్తువు గురించి రెండు మాటలు' అని ఒక గడి ఉంది. అందులో గీత గీసేస్తే పోయేది. కానీ మామగారికి చేతికి కలం దొరికి చాలాకాలమైంది. ఆ పళ్లు కీర్తిశేషురాలైన తన భార్య ముచ్చటపడి కట్టించిందని, అవి పోయిననాటినుంచి తన నవ్వు కూడా పోయిందని, మార్జిన్లు నిండేదాకా రాశాడు.

"నాన్నా! అమ్మ పోయేనాటికి నీకు ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి కదా!" అంది కూతురు.

"ఉంటే? ముందుచూపు గలది మీ అమ్మ."

దాని కిందే నిప్పు అప్పగింత సంతకం పెట్టాలి. అక్షరాలు తాగొచ్చినవాళ్లలా అటూ ఇటూ తూలాయి. ఇరవై ఏళ్లలో అతను పెట్టిన మొదటి దొంగ సంతకం అది.

మేనేజరు ఆ కాగితం చదివి కళ్లు తుడుచుకున్నాడు. అబద్ధమని తెలిసీ తుడుచుకున్నాడు. అక్కడితో ఊరుకోకుండా ఫోనులో సంఘం వాళ్లకి చదివి వినిపించాడు. వాళ్లూ కళ్లు తుడుచుకుని ఉంటారు, ఎందుకంటే అరగంటలో తిరిగి ఫోన్ చేశారు. ఆ పెద్దాయన్ని వేదిక మీదకి తేవాలట. తిరిగొచ్చిన నవ్వుని అందరూ చూడాలట.

"కొంప మునిగింది సార్! ఆయన మా మామగారని తెలిస్తే?"

"ఎవరు చెబుతారు? నువ్వు ఆయన్ని ఇవాళే మొదటిసారి చూశావు. ఆయన నిన్ను ఇవాళే చూశాడు."

"ఆయనకి నా మీద పన్నెండేళ్ల కోపముంది సార్. అది దాగదు."

మూడింటికి డిపో ఆవరణంతా నిండింది. కండక్టర్లు, మెకానిక్కులు, బస్సు తప్పిపోయిన ప్రయాణికులు కూడా కుర్చీల్లో కూర్చున్నారు. సంఘం అధ్యక్షుడు వచ్చాడు. ఆయన నవ్వు ఆయన పేరుకంటే ప్రసిద్ధి. ముందు పళ్లు రెండింటి మధ్య చిన్న సందు, ఆ సందులోంచి వచ్చే మాటలు నమ్మకంగా ఉంటాయని జనం అంటారు. నిజాయితీగల ఉపన్యాసం ఒకటి ఇచ్చి, మామగారికి చెయ్యి అందించాడు.

"ఇద్దరూ ఒక్కసారి నవ్వండి సార్" అన్నాడు ఫోటోగ్రాఫరు.

ఇద్దరూ నవ్వారు. ఫోటోగ్రాఫరు కెమెరా కిందికి దించి, మళ్లీ పైకెత్తాడు. "భలే! ఇద్దరిదీ ఒకే నవ్వండీ! అదే సందు!"

జనం చప్పట్లు కొట్టారు. నిప్పు మాత్రం కొట్టలేదు. ఏడాదిగా తన గదిలో గోడ మీది ఫోటోలో ఉన్న ఆ సందు కిందే కూర్చున్నాడు. ఇప్పుడది మామగారి నోట్లో కనబడేసరికి ఒక్క అంగలో ఆయన పక్కకి చేరాడు.

అధ్యక్షుడి మొహం తెల్లబోయింది. పట్టుకున్న చెయ్యి వదలకుండా, నవ్వు చెదరకుండా, మామగారి చెవిలో గొణిగాడు. పక్కనే నిలబడ్డ నిప్పుకి స్పష్టంగా వినిపించింది.

"అవి నావి."

"నేను సంతకం పెట్టి తీసుకున్నాను" అన్నాడు మామగారు, అంతే మెల్లగా.

"నాలుగు నెలల క్రితం పోయాయి. అదే సందుతో వేరే సెట్టు కట్టించుకున్నాను గానీ, అది నొప్పి పెడుతోందయ్యా!"

"మరి అడగలేదేం?"

అధ్యక్షుడు జనం వైపు చూశాడు. జనం ఆయన నవ్వువైపే చూస్తున్నారు. "పళ్లే సొంతవి కానివాడి మాటలు సొంతవని ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

"అల్లుడూ, ఈయనేదో అంటున్నాడు చూడు" అన్నాడు మామగారు, ఈసారి మైకులో.

మేనేజరు కళ్లు మూసుకున్నాడు. నిప్పుకి తన పేరు ఆరిపోతున్నట్టే అనిపించింది. అప్పుడు అధ్యక్షుడే మైకు లాక్కుని, "చూశారా! ఒక్కరోజు పరిచయానికే ఈ గుమాస్తాని సొంత అల్లుడిగా భావిస్తున్నారు!" అని గట్టిగా అన్నాడు. ఈసారి చప్పట్లు ఇంకా ఎక్కువసేపు మోగాయి.

తర్వాత డిపో మేడ మెట్ల మీద అధ్యక్షుడు నిప్పుని పట్టుకున్నాడు.

"నా పళ్లు నాకిప్పించు బాబూ. చాటుగా."

"ఇప్పిస్తానండి. కాకపోతే ముందు తప్పు మనిషికిచ్చామని రిజిస్టర్లో రాయాలి. షీల్డు వెనక్కి తీసుకోవాలి. అసలు సొంతదారు పేరు కూడా రాయాలి."

అధ్యక్షుడు కాసేపు దవడ పట్టుకుని ఆలోచించాడు. "సంఘం పరువొకటి ఉంది కదా. వద్దులే" అన్నాడు. ఆ మాటకి నిప్పు గుండెల మీంచి బరువు దిగింది. దిగినందుకు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా, మెట్లు దిగేదాకా.

ఇంటికెళితే మామగారు చేతిలో జామకాయతో, బోసినోటితో కూర్చుని ఉన్నాడు. బస్సు కుదుపులకి పళ్లు నొప్పెడుతున్నాయని తీసి సబ్బుపెట్టెలో పెట్టాడట. పెట్టె సీటు మీద పెట్టాడట. దిగాడట.

మర్నాడు పొద్దున్న నిప్పు పెందలాడే డిపోకి వెళ్లాడు. గోడ మీద కొత్త ఫోటో, ఒకే నవ్వు రెండుసార్లు. బల్ల మీద ఆకుపచ్చ సబ్బుపెట్టె. "నిప్పుగారూ, ఏడాదిలో మొదటి వస్తువు! మీ చేతిలో పడిందంటే సొంతదారుకి చేరినట్టే" అని కండక్టరు ఈల వేసుకుంటూ పోయాడు.

నిప్పు కొత్త రిజిస్టరు తెరిచాడు. ఒకటో నంబరు వేశాడు. 'సొంతదారు' అనే గడి దగ్గర ఒక్కక్షణం ఆగి, 'ఆచూకీ తెలియదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఈసారి అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.