ఫ్రిజ్జు దీపోద్ధరణము

మేఘుడలిగి మొగం దాచిన శ్రావణమాసాన, ఆముదపు చేలు తలలు వాల్చిన దేవరకొండ పట్టణాన, ఆదివార మధ్యాహ్న భోజనవేళ, వృక్షశాస్త్రోపన్యాసకుడైన రఘుపతి గృహమందు, అతని తల్లి గోపమ్మ కంచంలో పెరుగుకు మారుగా దోశపిండి పడెను!

"గిదేం పెరుగే, కౌసల్యా?"

"ఫ్రిజ్‌ల బల్బు లేదత్తమ్మా. చీకట్ల తడుముకుంట తెచ్చిన. బల్బు పీకిన మీ కొడుకునే అడుగుండ్రి."

ఆ దీపాపహరణ ధీరుడు గొంతు సవరించుకొనెను. హిమగర్భ పేటికలో చిటికెనవేలంత సీసా ఉంది. అందులోని రంగు, వాడిన ఆముదపుటాకులో ఇంకా ప్రాణమున్న కణంలో దూరి, కణాన్ని లోలోపల కాల్చే ఘాటు అణువు తగిలిన చోటల్లా పచ్చగా వెలుగుతుంది. అంతకుముందే వెలుతురు సోకిందా, వట్టిపోతుంది. రేపు మొదటి బస్సులో హైదరాబాదు సూక్ష్మదర్శినికి చేర్చాలి. చెడిపోతే అక్కడి వంతుకు మళ్లీ ఏడాది నిరీక్షణ.

"నల్లకాయితం చుట్టిన గని, తలుపు తీసినప్పుడల్ల నా గుండె జారుతాంది," అన్నాడు.

"సీసను దాయాలె గని, దీపం పీకుతరా?"

అని గర్జించి, వృక్షశాస్త్ర పట్టభద్రురాలగు కౌసల్య కొంగు బిగించి వంటింటి రణరంగమును పరికించెను. స్టీలు గిన్నె మూత వదులు. టిఫిను డబ్బాకు సొట్ట. గాజుసీసా పుట్టుకతోనే ద్రోహి. అంతట అత్తగారి పక్కన, సూర్యకిరణ దుర్భేద్యమై, బిర్రుమూత బిగించుకొని భాసిల్లెను ఇత్తడి ఆకువక్కల డబ్బా!

"నా డబ్బనా? పానం బొయినా ఇయ్య!" గోపమ్మ సింహనాదం చేసింది. "అయినా గా రంగేస్తె ఏం కనవడ్తదని?"

కౌసల్య స్వరం తగ్గింది. "బతికున్న కణమత్తమ్మా. కాలేజీల నేను సచ్చినయే చూసిన, ఎర్రరంగేసి. బతికున్నది వెలుగుతుంటే ఎట్లుంటదో..."

పిండి కంచం తీసింది. తన బల్బు యుద్ధమంతా దేనికోసమో ఆ వీరనారికే అప్పుడు తెలిసి సిగ్గేసింది.

గోపమ్మ ఆకులూ వక్కలూ ఒడిలోకి వంపుకుంది. డబ్బాను ముందుకు నెట్టింది.

"తీస్కోండ్రి. గని రేపు కోడలు గుడ బస్సెక్కుతది. నువ్వు చెప్తె నాకు సమజ్ గాదు కొడుకా. అది చూసొచ్చి చెప్పాలె."

సీసా ఇత్తడి దుర్గం చేరింది. రఘుపతి జేబులోంచి బల్బు తీసి బిగించాడు. పదిహేను వాట్ల ఆ పూర్ణచంద్రోదయమున, రేపటి చీరను తలచుకుంటూ, కౌసల్య పెరుగును పెరుగుగానే గుర్తించి విజయము నొందెను.