పై వాటాలో ఆడగొంతు

ఆ రోజు ఉదయం కామాగారు పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసుకి బయల్దేరేలోగా తన కంప్యూటరుకి టీవీ చూడటం నేర్పాలి.

ఆయన ఓ పత్రికలో ప్రూఫ్ రీడరు. ఎవరి వాక్యం కంటబడినా ఓ కామా తగిలిస్తాడు కనక ఆ పేరు స్థిరపడింది. మధ్యాహ్నం వెళ్తే మళ్ళీ రాత్రి భోజనాల వేళకే రావడం. ఆఫీసులో టీ దగ్గర అందరూ ముందురోజు సీరియల్లో కోడలు పడ్డ కష్టాలే చెప్పుకుంటారు. కామాగారు గ్లాసు పట్టుకుని, వాళ్ళు నవ్వినప్పుడు నవ్వుతాడు, నిట్టూర్చినప్పుడు నిట్టూరుస్తాడు. ఇంటికొచ్చాక ఆ పనీ ఉండదు. ఉండేది ఒక్కడే.

అందుకే ఆఫీసువాళ్ళు పారేయబోయిన పాత కంప్యూటరు మోసుకొచ్చి, లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి, టీవీ వచ్చే కార్డు బిగించి, కేబుల్ వైరు తగిలించాడు. సీరియల్ వేళకి దానంతటదే రికార్డు చేసుకునేలా కమాండు రాశాడు. అలవాటు కొద్దీ అందులోనూ ఓ కామా పడి, అది మొరాయించింది. కామా తీసేశాక దారికొచ్చింది. హమ్మయ్య అనుకుని తాళం వేసుకుని వెళ్ళాడు. స్పీకర్లు ఆపడం మాత్రం మర్చిపోయాడు.

చీకటిపడ్డాక కింది వాటాలోని రిటైర్డ్ నర్సమ్మ చెవిన ఏడుపు పడింది. పైన ఆడగొంతు! ఆ ఇంట్లో ఆడమనిషే కాదు, టీవీ కూడా లేదని ఆవిడకి తెలుసు. మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కింది. తలుపుకి బయట తాళం.

"ఎవరమ్మా లోపల?"

"నేను ఈ ఇంటి కోడల్ని!" అంది లోపలి గొంతు.

నర్సమ్మ తలుపుకి చెవి ఆనించింది. "నిన్ను లోపల పెట్టి తాళం వేశాడా తల్లీ?"

"ఆయన్ని ఏమీ అనకండి! తప్పంతా నాదే!"

నర్సమ్మ వెంటనే కామాగారి అక్కకి ఫోన్ చేసింది. 'వీడు జ్వరమొచ్చినా చెప్పడు, మీరే చెప్పండి' అని అక్క ఎప్పుడో ఇచ్చిన నంబరది. తర్వాత కామాగారికీ చేసింది.

"మీ ఆవిడ లోపల ఒకటే ఏడుపు నాయనా!"

"నాకు ఆవిడ లేదండీ!"

"మెల్లిగా అను. ఆ మాట వింటే ఇంకా ఏడుస్తుంది."

కామాగారు పడుతూ లేస్తూ వచ్చేసరికి మెట్ల నిండా జనం. వాళ్ళని తోసుకుని పైకెళ్ళాడు. అక్క అప్పటికే తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. చంకలో కొత్త చీర పెట్టె ఉంది. ఎదురుగా కంప్యూటరు తెర మీద కోడలు కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎవరూ లేరక్కా. సీరియల్," అన్నాడు.

జనం ఉసూరుమని దిగిపోయారు. అక్క తిట్టలేదు. మంచం అంచున కూలబడింది.

"ఏడిస్తే ఏడ్చింది, నీకంటూ ఒకరున్నారు కదా అనుకున్నాన్రా. దార్లో దుకాణం మూసేస్తుంటే ఆపి మరీ ఈ చీర కొన్నాను."

ఆయన రెండు కంచాలు పెట్టాడు. ఇద్దరూ అన్నాలు తిన్నారు. వెళ్తూ అక్క చీర పెట్టెని బీరువా మీద పెట్టేసింది, తిరిగి తీసుకెళ్ళలేదు.

మర్నాడు కామాగారు స్పీకర్ల వైరు పీకి మరీ ఆఫీసుకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి నర్సమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఇవాళ పైన అలికిడే లేదేం? నాకు కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు టీవీ చూడొద్దన్నారు. వినొద్దనలేదుగా! నిన్న మా నెత్తిన ఎవరో కాపురముంటున్నట్టు ఎంత బావుందో."

కామాగారు పైకెళ్ళి వైరు మళ్ళీ తగిలించాడు. మర్నాటి నుంచి వాల్యూమ్ కాస్త పెంచి వెళ్ళసాగాడు. ఇంటికొచ్చేసరికి నర్సమ్మ మెట్ల మీదే పక్కన చోటు చూపించి, "కూర్చో, ఇవాళ ఏమైందో తెలుసా!" అంటూ తను విన్న కథంతా చెప్పేది, వినపడని చోట్ల సొంతంగా కల్పించి మరీ.

రికార్డయినవాటిలో ఆయన ఇంతవరకూ ఒక్కటీ తెరిచి చూడలేదు.