కొమ్మగారి ఆరొందల లెన్స్

పిట్టల ఫోటోలు తీసేవాళ్ళ సంఘంలో ఆయన్ని అందరూ కొమ్మగారు అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదది, సంపాదించుకున్నది. నాలుగేళ్ళుగా ఆయన తీసిన ప్రతి ఫోటోలోనూ పిట్ట అప్పుడే ఎగిరిపోయిన కొమ్మ ఉంటుంది. కొమ్మ మాత్రం చక్కగా పడుతుంది.

వృత్తి కళ్ళజోళ్ళు చేయడం. ఇంటి ముందుగదే షాపు. ఆ వీధిలో సగంమంది ఆయన బిగించిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తారు. అలాంటి మనిషికి అరచేతంత పిట్ట చిక్కకపోవడం ఎంత అవమానమో ఆలోచించండి. మొదట్లో తప్పంతా కెమెరాది అన్నారు. కొత్త కెమెరా వచ్చింది. కొమ్మలు ఇంకా స్పష్టంగా పడ్డాయి. పాత కెమెరా బీరువా మీదికి ఎక్కింది, తప్పు లెన్స్ మీదికి దిగింది. ఈసారి పొడుగాటి లెన్స్ కావాలన్నారు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో," అంది వాళ్ళమ్మ, వెనక వరండాలో కుర్చీ జరుపుకుంటూ. పెద్దావిడకి పోయిన నెలే కంట్లో శుక్లం తీసి లెన్స్ వేశారు. "ఒరేయ్, నా కంట్లో పెట్టింది కందిబద్దంత ఉందట. దాంతోనే కాలవ అవతల పిట్ట రెక్క విదిలిస్తే కనపడుతోంది. నీకు మోచేతి పొడుగు గొట్టం ఎందుకురా?"

"అది చూడ్డానికమ్మా. ఇది తీయడానికి."

"చూడ్డం వచ్చినవాడికి తీయడం ఎంతసేపు!"

కొమ్మగారి తొందరకి కారణం ఉంది. సంఘంవాళ్ళు ఏటా ఒక క్యాలెండరు వేస్తారు. ఈసారి పదకొండు పేజీలు నిండాయి, చివరి పేజీ మిగిలింది. గడువు శనివారం సాయంత్రం. కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన ఫోన్ చేసి, "ఈసారైనా పిట్ట ఉన్న ఫోటో పంపండి నాయనా. కొమ్మలు మా పెరట్లోనూ ఉన్నాయి," అన్నారు. ఆ మాట కొమ్మగారికి గట్టిగా తగిలింది. ఒక్క పిట్ట, ఒక్కటంటే ఒక్కటి, కంటి మెరుపుతో సహా పడితే చాలు, ఈ పేరు వదిలిపోతుంది అనుకున్నారు.

పిట్ట కూడా ఎక్కడో లేదు. పెరటి వెనకాలే కాలవ. గట్టులో చిన్న కన్నం. అందులో ఒక లకుముకిపిట్టల జంట కాపురం. ఒడ్డున పాతిన కర్ర మీద వాలడం, నీళ్ళలోకి దూకడం, చేపతో లేవడం, ఇదే రోజంతా వాటి పని. కొమ్మగారు కెమెరా ఎత్తినప్పుడు మాత్రం వాటికి వేరే పని గుర్తొస్తుంది.

ఆయన మనసు పడ్డది నూట యాభై నుంచి ఆరొందల దాకా పోయే లెన్స్ మీద. భార్యతో చెప్పారు. ఆవిడ భూములు కొలిచే సర్వేయరు, ఇంటా బయటా సర్వేయరమ్మే. ఏ అంకె విన్నా అది దేని కొలతో తేలేదాకా ఆవిడకి నిద్ర పట్టదు.

"ఆరొందలంటే ఏమిటండీ? బరువా, పొడుగా?"

"శక్తి!"

"శక్తయితే దేనితో కొలుస్తారు?"

"మిల్లీమీటర్లలో," అన్నారు కొమ్మగారు కొంచెం తగ్గి.

"మూడొందల దాంతో తీస్తే?"

"పిట్ట సగం సైజులో పడుతుంది."

"మరి మూడొందలది పట్టుకుని సగం దూరం ముందుకెళ్తే? ఆరొందల దానితో సమానమే కదా?"

కొమ్మగారు తెల్లబోయారు. నాలుగేళ్ళుగా చదివిన పుస్తకాల్లో ఈ సంగతి ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు.

"లెక్కలో సమానమే. దగ్గరికెళ్తే పిట్ట ఎగిరిపోదూ?"

"నేను రోజూ బట్టలారేయడానికి వెళ్తాను. నన్ను చూసి ఎగరదే?"

"నువ్వంటే వేరు. నేను ఫోటోగ్రాఫర్ని."

"ఆ సంగతి దానికెవరు చెప్పారు?"

అంతటితో ఆగలేదు. టేపు తీసి వెనక మెట్ల దగ్గర్నుంచి కర్ర దాకా కొలిచింది. ఇరవై రెండు మీటర్లు. పెరట్లో ఒక పక్కగా ఉన్న బట్టలారేసే తీగ నుంచి కర్ర దాకా సరిగ్గా పదకొండు. పుస్తకంలో రాసుకుని, "చిన్న లెన్స్ చాలు," అని తీర్పిచ్చింది. "పైగా ఆ పెద్దది రెండు కిలోలంటున్నారు. కూరల సంచీ తెమ్మంటేనే మీకు మెడ పట్టేస్తుంది."

"కళకి బరువుండదోయ్."

"మెడకుంటుంది కదండీ."

వాదనలో గెలవలేనని కొమ్మగారికి పెళ్ళయిన వారానికే తెలుసు. అందుకని పథకం వేశారు. కెమెరాల దుకాణం నుంచి రెండు లెన్సులూ మూడు రోజులకి అద్దెకి తెచ్చారు. "న్యాయంగా పరీక్ష పెడదాం. రెండింటితోనూ ఒకే పిట్టని తీస్తాను. ఏది బాగుంటే అది కొందాం," అన్నారు. సర్వేయరమ్మకి పరీక్షలంటే ఇష్టం. వెంటనే ఒప్పుకుంది.

నిజం పిట్ట నిలబడదు గనక పెద్దావిడ చేత పాత ఊలు మేజోడుతో ఒక పిట్టని కుట్టించారు. కళ్ళకి రెండు చొక్కా గుండీలు. దాన్ని కర్ర మీద కట్టి, మెట్ల మీద నుంచి మొదలుపెట్టారు. ఆరొందల లెన్స్‌ని ట్రైపాడ్ మీద బిగించి, ఊపిరి బిగబట్టి, బటన్ మీద వేలు ఆనీ ఆనకుండా నొక్కారు. ఫోటో అద్భుతంగా వచ్చింది. తర్వాత మూడొందలది చేత్తో పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, చేతులు కొంచెం ఆడిస్తూ తీశారు. దీంట్లో మేజోడు మేజోడులా కూడా లేదు.

"అమ్మాయ్, వీడికి చలిజ్వరం వచ్చినట్టుంది, చూడు!" అని వరండాలోంచి పెద్దావిడ కేకేసింది.

వంటింటి కిటికీలోంచి సర్వేయరమ్మ అప్పటికే చూస్తోంది. "కార్డు ఇలా ఇవ్వండి, సాయంత్రం వస్తూ నేనే ప్రింట్లు వేయించుకొస్తా," అంది మెత్తగా. ఆ మెత్తదనాన్ని చూసి భయపడాల్సింది పోయి, కొమ్మగారు ఈలవేసుకుంటూ షాపులోకి వెళ్ళారు.

ఇక్కడ ఆయన షాపు సంగతి ఒకటి చెప్పాలి. అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతారే, అందులో కొమ్మగారిది అందెవేసిన చెయ్యి. కొంతమంది ఏది పెట్టినా "ఆహా, ఇది బ్రహ్మాండం" అనేస్తారు. అలాంటివాళ్ళకి ఆయన అద్దం మార్చినట్టు నటించి అదే అద్దాన్ని మళ్ళీ పెడతారు. "రెండోది చాలా నయం" అన్నారంటే ఆ మనిషి మాట కళ్ళలోంచి కాదు, నోట్లోంచి వస్తోందని లెక్క. ఈ ఉపాయం గురించి పన్నెండేళ్ళుగా ఇంట్లో చెప్పుకుని మురిసిపోతున్నారు.

సాయంత్రం సర్వేయరమ్మ రెండు ప్రింట్లు బల్లమీద పెట్టింది. "ఎడమ చేతివైపుది మీ పెద్ద లెన్స్‌తో తీసిందనుకోండి. కుడివైపుది చిన్నదానితో. చెప్పండి, ఏది బాగుంది?"

కొమ్మగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అడగాలా? ఎడమది చూడు! ఊలు పోగు పోగూ లెక్కపెట్టుకోవచ్చు. గుండీకున్న నాలుగు చిల్లులూ కనపడుతున్నాయి. అదీ గ్లాసంటే!"

"కుడివైపుది?"

"బురద. చిల్లులు చూడు, అలుక్కుపోయాయి. రంగు చచ్చిపోయింది. నా శత్రువుకి కూడా ఈ లెన్స్ కొనమని చెప్పను."

"మరొక్కసారి బాగా చూడండి."

"చూడక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళుగా అద్దాలతో బతుకుతున్న కన్ను ఇది."

సర్వేయరమ్మ రెండు ప్రింట్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి ఎదురుగా పట్టుకుంది. అంచుకి అంచు, గుండీకి గుండీ. "రెండూ ఒకే ఫోటో అండీ. మీరు షాపులోకి వెళ్ళాక తీగ దగ్గర ట్రైపాడ్ పెట్టి చిన్న లెన్స్‌తో నేను తీశాను. రెండు కాపీలు వేయించాను."

పెద్దావిడ కుర్చీలోంచి పడినంత పనైంది. "ఒరేయ్, నీ అద్దమే నీకు పెట్టిందిరా!"

కొమ్మగారు ఆ రెండు ప్రింట్లనీ అటూ ఇటూ తిప్పి చూశారు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. కోపం తెచ్చుకుందామని చూశారు గాని ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు.

"మేజోడు సంగతి వేరు, ప్రాణమున్న పిట్ట సంగతి వేరు," అన్నారు చివరికి. "రేపు ఉదయం ఒక్కటీ నాకొదిలెయ్. సాయంత్రం లెన్సులు తిరిగివ్వాలి, మాస్టారి గడువూ రేపే. పెద్దదానితో పిట్ట పడిందా, నా మాట నెగ్గినట్టు. పడలేదా, నువ్వేది చెప్తే అదే."

"సరే. నా బట్టలు నేను ఆరేసుకోవచ్చా?"

"చప్పుడు చేయకుండా."

శనివారం తెల్లారగానే కొమ్మగారు పథకం పెంచారు. ఇరవై రెండు మీటర్లు కాదు, గట్టు దాకా వెళ్ళి కూర్చుంటే ఆరొందల లెన్స్‌లో ఈకలోని నూగు కూడా పడుతుందని లెక్క వేశారు. కర్రకి నాలుగు మీటర్ల దూరంలో ట్రైపాడ్ దించారు. ముందుగది పచ్చ కర్టెన్ ఊడదీసి తల మీంచి కప్పుకున్నారు. లెన్స్ మాత్రం నీళ్ళ మీదికి ముందుకి చాచుకుని ఉంది. గంట గడిచింది. మెడ పట్టేసింది. చీమలు పాదాలని తనిఖీ చేశాయి. దురద పుట్టినా కదలలేదు. పాపం, ఆ ఉదయం ఆయన పట్టుదలని ఎవరైనా మెచ్చుకోవాల్సిందే.

అప్పుడొచ్చింది పిట్ట. నీలం గీతలా కాలవ మీంచి దూసుకొచ్చి, కర్ర చుట్టూ ఒకసారి తిరిగి, కర్ర మీద వాలలేదు.

లెన్స్ మీద వాలింది.

కర్రకంటే లావు, నునుపు, నీళ్ళకి ఇంకా దగ్గర. చేపలు పట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు కాలవ పొడుగునా లేదు. కొమ్మగారు లెన్స్ లోంచి చూస్తే అటు ఖాళీ కర్ర కనిపిస్తోంది, నిగనిగలాడుతూ, చీలిక చీలికా స్పష్టంగా. కర్టెన్ సందులోంచి చూస్తే పిట్ట మూరెడు దూరంలో ఉంది. ఆ లెన్స్ తన మీద కూర్చున్నదాన్ని చూడలేదు. ఊరికే చూడటం తప్ప ఆయనకి వేరే దారి లేకపోయింది.

చూశారు. ముక్కు చివర నీటిబొట్టు ఉంది. రొమ్ము మీద నారింజ రంగు ఊపిరికి పైకీ కిందికీ ఆడుతోంది. కన్ను గుండ్రంగా, నల్లగా, అందులో ఆకాశం చిన్న చుక్కలా ఉంది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన ఒక పిట్టని నిజంగా చూశారు. క్యాలెండరు గుర్తుకి రాలేదు. ఆనందంతో నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు.

పిట్ట నీళ్ళలోకి దూకింది, చేపతో వచ్చి మళ్ళీ లెన్స్ మీదే కూర్చుంది. చేపని లెన్స్‌కేసి రెండుసార్లు కొట్టి, తలకాయ బయటికి ఉండేలా నోట కరుచుకుని గట్టులోని కన్నంలోకి వెళ్ళింది. పిల్లలున్నాయన్నమాట.

కొమ్మగారు కర్టెన్ తీసి పక్కకి తిరిగారు. పదకొండు మీటర్ల దగ్గర, తీగ మీద ఆరేసిన రెండు దుప్పట్ల మధ్యలో, సర్వేయరమ్మ స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. చేతిలో బీరువా మీంచి దించిన పాత కెమెరా. దానికి మూడొందల లెన్స్.

"పడిందా?" అన్నారాయన గొంతు తగ్గించి.

"మీరూ పడ్డారు," అందావిడ.

ఫోటోలో లకుముకిపిట్ట నోట్లో వెండి చేప. కన్ను మెరుస్తోంది. పిట్ట కాళ్ళ కింద మోచేతి పొడుగు లెన్స్. దాని వెనక, కొంచెం మసగ్గా, పచ్చ కర్టెన్ కింద నోరు తెరుచుకున్న ఒక మొహం.

మాస్టారు మధ్యాహ్నానికే ఫోన్ చేశారు. "చివరి పేజీ ఇదే నాయనా. సంఘం పుట్టాక ఇలాంటి ఫోటో రాలేదు. కింద మీ ఆవిడ పేరు వేస్తున్నాను. వెనకున్న మనిషిని కత్తిరించమంటారా?"

కొమ్మగారు భార్యవైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వద్దు మాస్టారూ, ఉండనివ్వండి," అన్నారాయన.

సాయంత్రం రెండు లెన్సులనీ పెట్టెలో సర్దుకుని కెమెరాల దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు పెద్దదాన్ని వెలుతురులో తిప్పి చూసి, పైన అంటుకున్న రెండు చేప పొలుసులని గోటితో గీకి, ఏమీ అర్థం కాక అడిగాడు.

"ఎలా ఉందండీ? పిట్టలకి పనికొస్తుందా?"

"పిట్టకి చాలా బాగుంది," అన్నారు కొమ్మగారు నేల చూపులు చూస్తూ. "చిన్నది కొత్తదొకటి ప్యాక్ చేసివ్వండి. మా ఆవిడకి."